అందరూ లేచి నిలబడాలి

మోకాళ్ళు బాగున్నవాళ్ళకు ఈ గోడు ఎక్కదు. సభల్లో "అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాము" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. కోరిక వాళ్ళది, కీళ్ళు మనవి.

మొన్న మే నెలాఖరున టెక్సాస్‌లో మా మనవరాలి హైస్కూలు గ్రాడ్యుయేషన్‌కి వెళ్తే అక్కడా ఇదే తంతు. ఫుట్‌బాల్ స్టేడియం, అల్యూమినియం బెంచీలు. ఎండకి అవి పెనంలా కాలుతుంటే కోడలు తువ్వాలు మడిచి వేసింది. దానిమీద సర్దుకుని కూర్చున్నానో లేదో, లేవమన్నారు. జాతీయగీతం. సరే. గుండెమీద చెయ్యేసుకుని దేశానికి ప్రతిజ్ఞ. అదీ సరే. టెక్సాస్ రాష్ట్రానికి విడిగా ఇంకో ప్రతిజ్ఞ ఉందట, అదీ అయింది. హమ్మయ్య అని నడుం వంచేలోపు ఒక కుర్రాడు మైకు దగ్గరికొచ్చి కళ్ళు మూసుకున్నాడు. ప్రభువుకి కృతజ్ఞతలన్నాడు, అమ్మానాన్నలకన్నాడు, కోచ్‌కన్నాడు, యేసు నామంలో ఆమెన్ అన్నాడు. బాగానే చెప్పాడు, చివర్లో గొంతు కాస్త వణికింది కూడా. లేవమని ఆ పిల్లాడు ఎవర్నీ అడగలేదు. అడిగే అవసరమేముంది, అప్పటికే అందరం లేచి ఉన్నాం.

"గవర్నమెంటు స్కూల్లో ఇదేం పనండీ" అని పక్కనున్న తెలుగాయన నా చెవిలో గొణిగాడు. పది నిమిషాల ముందు అదే పెద్దమనిషి, వాళ్ళమ్మాయి టోపీ మీద తెల్లరంగుతో వేయించిన ఓంకారాన్ని ఫోన్లో నాకు రెండుసార్లు చూపించాడు. అక్కడి పిల్లలు ఆ పలక టోపీల మీద ఎవరికి తోచింది వాళ్ళు అంటించుకుంటారు. ఓంకారానికి రెండు వరసల వెనక ఒక పిల్ల హిజాబ్ మీద టోపీ పెట్టుకుని కూర్చుంది, పిన్నులు ఊడిపోతాయేమోనని మాటిమాటికీ తడుముకుంటోంది. కార్యక్రమం కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ముక్క ఉంది: విద్యార్థులు మాట్లాడేది వాళ్ళ సొంతం, స్కూలుకు సంబంధం లేదు అని. ఊరికే వేసింది కాదు, అలా చెప్పి తీరాలని టెక్సాస్‌లో 2007లో చట్టమే చేశారు. రాష్ట్ర ప్రతిజ్ఞలోకి దేవుణ్ణి తెచ్చిందీ ఆ ఏడాదే.

రిటైరయ్యాక కొందరికి తోటపని అబ్బుతుంది, నాకు కోర్టు తీర్పులు చదివే వ్యసనం అబ్బింది. అందుకని ఆ పెద్దమనిషికి అక్కడే ప్రావిడెన్స్ కథ మొదలెట్టబోయాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఇక్కడ పొడిచేవాళ్ళు లేరు కనక చెప్తాను.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ప్రావిడెన్స్ అనే ఊరు, అందులో నేథన్ బిషప్ మిడిల్ స్కూలు. 1989 జూన్లో అక్కడి వేడుకలో ప్రార్థన చేయడానికి ప్రిన్సిపాల్ ఒక యూదు రబ్బీని పిలిచాడు. ఏ మతంవాళ్ళూ నొచ్చుకోకుండా ఎలా ప్రార్థించాలో చెప్పే చిన్న పుస్తకం కూడా ఆయన చేతిలో పెట్టాడు. ఆ ప్రార్థన ఎంత ఆచితూచి ఉందంటే, పైన ఏ దేవుడు విన్నా అది తనకే అని గట్టిగా అనుకోలేడు. అయినా కేసు పడింది. వేసిందీ యూదు కుటుంబమే. 1992లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురూ నలుగురుగా చీలి, పబ్లిక్ స్కూలు తన వేడుకలో ఇలా ప్రార్థన పెట్టించకూడదని తేల్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కెనడీ నిలబడడం గురించి చెప్పింది చదివి నేను కుర్చీలోంచి లేచినంత పనిచేశాను. తోటిపిల్లలంతా లేచి నిలబడితే పద్నాలుగేళ్ళ పిల్ల తానొక్కతే ఎలా కూర్చుంటుంది? నోరు మూసుకు నిలబడినా, తనూ ఆ ప్రార్థనలో కలిసినట్టే ఆమెకు అనిపిస్తుంది కదా? అదీ ఆయన వాదన. స్కాలియా అనే ఇంకో జడ్జి దీన్ని ఎగతాళి చేశాడు. నిలబడడం ఉత్త మర్యాద, అంతకు నిమిషం ముందు ప్రతిజ్ఞకి లేపారు గదా, అది బలవంతం కాకపోతే ఇదెలా అయింది అన్నాడు. అంటే అక్కడా వరస మా స్టేడియంలో లాంటిదే: ముందు ప్రతిజ్ఞ, కూర్చునేలోపు ప్రార్థన. ఈ కార్యక్రమం కాగితాలు రాసేవాళ్ళు గట్టివాళ్ళు.

2011లో టెక్సాస్‌లోనే కాస్ట్రోవిల్‌లో ఒక స్కూలు గ్రాడ్యుయేషన్ విషయంలో ఇంకో జడ్జి ఏకంగా జాబితా రాశాడు. వేదికనెక్కినవాళ్ళు జనాన్ని లేవమనకూడదు, తలలు వంచమనకూడదు, ఆమెన్‌తో ముగించకూడదు అని. మూడు రోజులు తిరక్కుండా పై కోర్టు దాన్ని కొట్టేసింది. మిగతా జాబితా ఎటుపోయినా నాకు బెంగలేదు గానీ, లేవమనకూడదనే ముక్క ఒక్కటీ ఉంచి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? ఆ కుర్రాడు యేసుని తలుచుకుంటే నాకేం కష్టం? పన్నెండేళ్ళు చదివినవాడు, మైకు ముందు తనకి ముఖ్యమైనవాళ్ళ పేర్లు చెప్పుకుంటాడు. నన్ను కూర్చోనిచ్చి చెప్పుకోమంటాను, అంతే.

మనదగ్గర లెక్క తలకిందులు. కేరళలో యెహోవా సాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి బుద్ధిగా లేచి నిలబడ్డారు, పాడలేదు. స్కూల్లోంచి పంపేశారు. 1986లో మన సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. నిలబడ్డారు, గౌరవానికి అది చాలు, పాడి తీరాలని ఏ చట్టంలోనూ లేదన్నాడు. మాట్లాడకుండా నిలబడడం అక్కడ పిల్లకి మోయలేని బరువైంది, ఇక్కడ పిల్లల్ని గట్టెక్కించింది. ఇద్దరు జడ్జీలూ పిల్లల పక్షమే.

అసలు నన్నడిగితే సాహిత్య సభల్లో ప్రార్థనాగీతం మీద ఎవరో ఒకరు కేసు వేయాలి. నేనేం నాస్తికుణ్ణి కాను. కానీ జ్యోతి ప్రజ్వలన అంటారు, ఫ్యాను ఆపరు, అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోతుంటాయి, మనం నిలబడే ఉంటాం. తర్వాత గాయని ఫోన్లో శ్రుతి పెట్టుకుంటుంది. పల్లవితో సరిపెడితే పుణ్యముండేది. మా ఊళ్ళో ఒక పుస్తకావిష్కరణకి అధ్యక్షులవారి బంధువుల అమ్మాయి మూడు చరణాలూ పాడింది, చివరిది రెండుసార్లు. అధ్యక్షులవారు పరవశించి ఇంకోటి అందుకోమన్నారు. ఆపైన తెలుగుతల్లి పాట. ఆ తల్లికి లేవకపోతే ఇంకెవరికి లేస్తాం, లేచాం. ఆపైన ఆ నెలలో పోయిన కవులకి రెండు నిమిషాల మౌనం, అందులో ఒకాయన పోలేదని ముందు వరసలోంచి ఎవరో సరిదిద్దారు. పుస్తకం గురించి వారం రోజులు కూర్చుని రాసుకొచ్చిన నాకు "అయిదు నిమిషాల్లో ముగించండి సార్" అని చీటీ వచ్చింది. ఆ చీటీ ఇంకా నా దగ్గరుంది.

చిన్నప్పుడు ఇంత నొప్పి తెలిసేది కాదు. నేను చదివింది క్రైస్తవుల బడి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని మత ప్రార్థనలో చేర్చకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుందిగానీ, మా నాన్నగారిని ఎవరూ అడగలేదు. అడిగినా ఆయన "ఇంగ్లీషు వస్తుందా" అని ఎదురడిగేవారు. పొద్దున్నే సిస్టరు ప్రభువు ప్రార్థన చెప్పించేది, ఆ వెంటనే మన ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ రాసింది నల్గొండ దగ్గర అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, 1962లో. అమెరికావాళ్ళు తమ ప్రతిజ్ఞలో దేవుణ్ణి 1954లో చేర్చుకున్నారు. ట్రెజరీ ఆఫీసులో కూర్చున్న మన పైడిమర్రిగారు ఆయన జోలికే పోలేదు, దేశం గురించీ జనం గురించీ రాసి ఊరుకున్నారు. న్యూయార్క్ స్కూళ్ళలో సర్కారు రాయించిన ఇరవైరెండు మాటల ప్రార్థనని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసిందీ 1962లోనే. ఈ సంగతి కలిసినవాళ్ళందరికీ చెప్తుంటాను, ఎవరూ నాకున్నంత సంబరపడరు.

ఆ బళ్ళో ప్రార్థనప్పుడు నా పక్కన నిలబడేవాడి పెదాలు చకచకా ఆడేవి. సిస్టరుకి వాడంటే ప్రాణం, భక్తికి బహుమతిగా క్రిస్మస్‌కి కేకుముక్క ఒకటి ఎక్కువ పెట్టేది. చెవి దగ్గరపెట్టి వింటే వాడు చెప్పుకునేది పదహారో ఎక్కం. ప్రార్థన పూర్తయ్యేసరికి సరిగ్గా పదహారు పదులు నూటఅరవై దాకా వచ్చేవాడు, ఆమెన్ మాత్రం అందరితో గట్టిగా అనేవాడు. తర్వాత బ్యాంకులో మేనేజరయ్యాడు. నాకు ప్రార్థన మొత్తం నోటికొచ్చు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పదహారో ఎక్కం మాత్రం పదహారు ఏళ్ళు దగ్గర ఆగిపోతుంది.