కోళ్లు మూశావా?

వేసవిలో రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ మోగిందంటే అది అమ్మే. నార్త్ కరోలినాలో జూన్ నెల పొద్దు అప్పుడే గుంకుతుంది. తణుకు దగ్గర మా ఊళ్లో అప్పటికి మర్నాటి ఉదయం ఆరు, అమ్మ కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చునే వేళ. బాగున్నావా అనేది కాదు, తిన్నావా అనేది కాదు. "కోళ్లు మూశావా?" అనేది.

చిన్నప్పుడు రోజూ విన్న మాటే. దీపాలు పెట్టే వేళకి కోళ్లు వాటంతటవే పెరట్లోకి చేరేవి. పిల్లలకోడిని గంప కింద కమ్మి పైన రాయి పెట్టడం, మిగతావాటిని గూట్లోకి తోలి చెక్క అడ్డం పెట్టడం నా పని. అమ్మ వంటింట్లోంచే అడిగేది. మా ఊరి చుట్టూ లేయర్ ఫారాలుండేవి. వేలకొద్దీ కోళ్లు, పంజరాలు, ఆ గుడ్లు లారీలెక్కి కోల్‌కతా దాకా వెళ్లేవి. అమ్మవి తొమ్మిది నాటు పెట్టలు, ఒక పుంజు. గుడ్ల డబ్బు అమ్మది. నాన్న ఏనాడూ లెక్క అడగలేదు. నా ఇంటర్ పరీక్ష ఫీజు అందులోంచే కట్టింది. ఒక ఏడాది కొక్కెర తెగులు వచ్చి మూడు రోజుల్లో గూడు ఖాళీ అయింది. అమ్మ ఆ గూడు కడిగి, సున్నం వేసి, ఆర్నెల్లు అలాగే వదిలేసి, తర్వాత మళ్లీ ఒక్క పెట్టతో మొదలుపెట్టింది.

మేం 2021లో చాతమ్ కౌంటీలో ఎకరం స్థలంతో పాత ఇల్లు కొన్నాం. ఇక్కడి నేల ఎర్ర బంకమట్టి. తడిస్తే బూట్లకి పట్టుకుని వదలదు, ఎండితే ఇటుకే. మరుసటి ఏప్రిల్‌లో ఓ ఉదయం ఆరింటికి పోస్టాఫీసు నుంచి ఫోన్ వచ్చింది, మీ కోడిపిల్లలు వచ్చాయి, తీసుకెళ్లండని. చిల్లులున్న అట్టపెట్టెలో ఎనిమిది పిల్లలు, కిచకిచలు. పోస్టులో కోడిపిల్లల్ని పంపడం ఈ దేశంలో 1918 నుంచీ ఉంది. గుడ్డు పగిలేముందు పిల్ల మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటుంది. ఆ బలంతో మూడు రోజుల దాకా మేతా నీళ్లూ లేకున్నా తట్టుకుంటుంది.

తల్లి లేదు కాబట్టి వేడి దీపం పెట్టాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి ఐదు చొప్పున తగ్గించాలి. వీడియోలో థర్మామీటర్ చూపిస్తే అమ్మ, "దాన్ని కాదే, పిల్లల్ని చూడు. చలేస్తే దీపం కింద కుప్పపడతాయి. ఉక్కపోస్తే గోడవారకి పోతాయి" అంది. దీపం ఏనాడూ వాడని మనిషి, తల్లికోడి రెక్కల కింద చూసి నేర్చుకున్నది చెప్పింది. ఆ తర్వాత థర్మామీటర్ వైపు చూడలేదు నేను. పిల్లలు పెద్దవయ్యాక రోడ్ ఐలండ్ రెడ్‌లకి డేగ పెట్టలని, నల్ల ఆస్ట్రలార్ప్‌లకి కాకి పెట్టలని పేరు పెట్టింది కూడా అమ్మే. బార్డ్ రాక్‌లకి మాత్రం ఏ పేరూ కుదరక "ఆ చారలవి" అనేసింది.

గోంగూరకి ఈ ఊరి ఉక్క బాగా నచ్చింది. ఆగస్టుకల్లా నా ఎత్తు దాటింది. అంతకుముందు ఒక మడి నా చేతులారా మాడ్చుకున్నాను. కోడి ఎరువు పచ్చిగా వేస్తే అందులోని నత్రజనికి మొక్క వేరు కాలిపోతుంది. చెక్కపొట్టూ ఎండాకులూ కలిపి నెలల తరబడి మాగనివ్వాలి. పచ్చి ఎరువు వేస్తే మట్టిని తాకే పంటనైతే 120 రోజులు, తాకని పంటనైతే 90 రోజులు ఆగి కోయాలన్నది ఇక్కడి సేంద్రియ సాగు నియమం. ఇప్పుడు మా ఎరువు కుప్ప చలికాలమంతా మాగుతుంది. జూన్‌లో జపాన్ పెంకు పురుగులు గోంగూర మీద, బెండ మీద పడతాయి. తెల్లవారకముందే ఆకులు దులిపి, బకెట్ నీళ్లలో పడ్డవాటిని కోళ్లకి వేస్తాను. ఆ పురుగులు తిని పెట్టిన గుడ్ల సొన ముదురు నారింజ రంగు. మా ఆయన ఆ గుడ్లతో చేసే పులుసు తింటుంటే ఊరు గుర్తుకు రావడం కాదు, ఊళ్లోనే ఉన్నట్టుంటుంది నాకు.

ఆ మొదటి ఏడాది నవంబర్ 7, సోమవారం. ముందురోజే గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ముందటి వారం దాకా ఆరు దాటాక గుంకిన పొద్దు ఐదుంపావుకే గుంకింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి. ఆయన మూసి ఉంటారని నేను, నేను మూసి ఉంటానని ఆయన. ఏడున్నరకి అమ్మ ఫోన్. "కోళ్లు మూశావా?"

"మూశాను" అన్నాను. బయటికి వెళ్లి చూడలేదు. మర్నాడు కార్తీక పౌర్ణమి, పెరడంతా వెన్నెల. కిటికీలోంచి చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపించింది.

రకూన్ అని ఇక్కడ ఒక జంతువుంది. కళ్ల చుట్టూ నల్ల పట్టీ, ముందుకాళ్లు అచ్చం చేతుల్లా ఉంటాయి. మామూలు కోళ్ల వలని చింపేస్తుంది, తేలిక గొళ్లేలు తీసేస్తుంది. అందుకే అరంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ కొట్టించాం. గూటి తలుపు తెరిచే ఉంది, రకూన్‌కి ఆ రాత్రి జాలీతో, గొళ్లేంతో పనే పడలేదు. కోళ్లకి రేచీకటి, దూలం మీద కూర్చున్నవి కూర్చున్నట్టే ఉంటాయి. తెల్లారి చూస్తే ఒక డేగ, ఒక చారలది లేవు. ఈకలు కంచె దాకా ఉన్నాయి.

రెండు రోజులు అమ్మ ఫోన్ ఎత్తలేదు నేను. మూడోరోజు ఉన్నదంతా చెప్పాను, అబద్ధంతో సహా. కాసేపు ఊరుకుని, "నేను అడగడంలోనే ఉందమ్మా తప్పు" అంది. "మూశావా అంటే మూశాననొచ్చు. ఎన్నున్నాయి అని అడగాలి."

అప్పట్నుంచీ అమ్మ అడిగే మాట మారింది. ఇప్పుడు పొద్దు వాలగానే దానంతటదే దిగే తలుపు పెట్టించాం. అయినా లాంతరు పట్టుకుని వెళ్లి లెక్కపెట్టాల్సిందే. మొన్న సెప్టెంబర్‌లో ఓ రాత్రి ఐదే ఉన్నాయి. తలుపు దిగిపోయి ఉంది. వెతగ్గా వెతగ్గా గోంగూర మొదళ్ల దగ్గర ఒక కాకి పెట్ట, పొట్ట కింద పదకొండు గుడ్లతో పొదుగుకి కూర్చుని ఉంది. చంకన పెట్టుకుని తెచ్చి దూలం మీద కూర్చోబెట్టాను. వెచ్చగా, బరువుగా ఉంది. నా చేతులు చాలాసేపు వణికాయి.

2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది. 2022 నుంచీ బర్డ్ ఫ్లూ ఫారాల్ని ఖాళీ చేస్తూనే ఉంది. తెలిసినవాళ్లంతా, మీకేం, మీ ఇంట్లోనే గుడ్లు అన్నారు. అడవి బాతుల రెట్టలోంచి ఆ జబ్బు వస్తుందని నేను గూటికి వేరే బూట్లు పెట్టుకున్నాను, మేత పైకప్పు కిందకి మార్చాను. కొక్కెర తెగులు ఏడాది అమ్మ గూడు కడిగిన చప్పుడు ఆ నెలంతా నా చెవుల్లో ఉంది.

చలికాలం అమ్మకి కోళ్లు మూసే వేళ దొరకదు. ఇక్కడ సందె ఐదుంపావంటే అక్కడ తెల్లవారుజాము మూడు ముప్పావు. కానీ ఈ కార్తీకంలో, నవంబర్ మొదటి వారంలో, గడియారాలు వెనక్కి తిప్పిన మర్నాడు సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగింది. గుండె దడదడలాడుతూ ఎత్తాను. వెనకాల నూతి దగ్గర చేద చప్పుడు. స్నానానికి లేచిందట, ఇంకా దీపం పెట్టలేదట.

"ఎన్నున్నాయే?"

"ఉండమ్మా" అని ఫోన్ పట్టుకునే పెరట్లోకి నడిచాను. లాంతరు ఎత్తి దూలం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను.

"ఆరు."