గుండెదడ భయము కాదు

మా యింట నుండి చదువుకొనుచున్న అక్క కుమారునకు పదియవయేట నడక తూలసాగెను. పదునాలుగవయేటికి గోడ పట్టుకొననిదే గది దాటలేకుండెను. ఇంటిల్లిపాది చూపులును వాని కాళ్లపైననే. ఒకరాత్రి వాడు నన్ను లేపి, "పిన్నీ, గుండెల్లో పిట్ట కొట్టుకుంటోంది" అనెను. పరీక్షల భయమని తలచి, నుదుట విబూది పెట్టి పండుకొనబెట్టితిని. తలచుకొన్న నిప్పటికిని సిగ్గగుచున్నది.

తెల్లవారి వాడు కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోగా ఆస్పత్రికి గొనిపోయితిమి. ఇ.సి.జి. తీసి చూచిన వైద్యుడు గుండె పైగదులు లయ తప్పి కొట్టుకొనుచున్నవనియు, ఇదియు కాళ్ల జబ్బులోని భాగమే యనియు చెప్పెను. ఆ జబ్బు పేరు ఫ్రీడ్రైక్ అటాక్సియా. 1863లో జర్మనీదేశమున హైడల్‌బర్గులోని వైద్యుడు నికొలాస్ ఫ్రీడ్రైక్ దీనిని వర్ణించెను. దీనికి మూలమైన జన్యువు 1996లో తెలియవచ్చెను. ఫ్రటాక్సిన్ అను మాంసకృత్తు కొరవడుటచే నరములకువలెనే గుండెకండకును శక్తి చాలదు. కండ దళసరియగును, లయ చెడును. ఈ రోగులలో పెక్కుమంది ప్రాణము తీయునది గుండెయే.

తల్లిదండ్రు లిరువురినుండియు లోపము సంక్రమించినగాని ఈ జబ్బు రాదు. అట్టి దంపతులకు ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు ప్రమాదము. మేనరికములలో నిది హెచ్చు. అక్క అత్తగారు నింద యంతయు కోడలి కడుపుపై మోపెను. ఆమె మాకు స్వయముగా మేనత్తయే గదా!

వైద్యుడు గుండెవేగము తగ్గించుటకొక మాత్రయు, గుండెలో నెత్తురు గడ్డకట్టి మెదడునకు పోకుండుటకు మరియొక మాత్రయు నిచ్చెను. వచ్చిన చిక్కు రెండవదానితోనే. మాటిమాటికి పడు బిడ్డకు నెత్తురు పలుచనచేయు మందా యని భయపడి, తోడుగా వచ్చియున్న అక్క నాలుగు దినములు దానిని దాచివేసినది. నేను బియ్యపుడబ్బాలో కనుగొంటిని. ఆమెను గొని మరల వైద్యునికడ కేగితిమి. తలకు దెబ్బ తగిలిన తక్షణమే తీసికొనిరావలెనని, మందు మాత్రము తమంతట మానరాదని ఆయన ఓపికగా బోధించెను. నాటినుండి గడపలకు పిడులు బిగించి, జారు చాపలు తీసివేసితిమి.

ఏటేట ఇ.సి.జి., ఎకో తప్పవు. దడ వచ్చినప్పుడు ఇరువదినాలుగు గంటలు లయ వ్రాసికొను చిన్నయంత్రమును రొమ్మునకు కట్టుదురు. క్రిందిగదుల లయ చెడినచో నిమిషములలో ప్రాణాపాయము. ఆ గండము కలవారికి మెడయెముక క్రింద చర్మములో గుండెను సరిదిద్దు యంత్ర మమర్చుదురు. మావానికింకను ఆ యవసరము లేదనిరి. స్పృహ తప్పినచో మాత్రము విబూదికి లేవక 108నకు ఫోను చేయవలెను.

వాడిప్పుడు తన నాడి తానే లెక్కించి పుస్తకమున వ్రాసికొనును. నిన్నరాత్రి మరల "పిన్నీ" యని పిలిచినాడు. గుండె గుభేలుమని, లేచి దీపము వేసితిని. దాహమట.