లింకను పట్టణములో అమ్మ బొంత

అమెరికా నడిమి మైదానములలోని నెబ్రాస్కా రాష్ట్రమునకు లింకను రాజధాని. గడచిన వేసవి సెలవులలో మావారితో కూడి మా అక్కయ్య ఇంటికి పోయి ఆ యూర ఆఱువారము లుంటిమి. ఊరు దాటినంతనే కనుచూపుమేర మొక్కజొన్న చేలు. ఊరి నడుమ 1932లో పూర్తియైన శాసనసభా సౌధము. 400 అడుగుల గోపురము కొసను విత్తులు చల్లు కృషీవలుని కంచు విగ్రహము. చూడదగినవి ఇంకను కలవు గాని, మా దినములన్నియు ఒక బొంత చుట్టునే తిరిగినవి గనుక దానినే చెప్పెదము.

అక్కయ్య పురిటికి వెళ్ళినప్పుడు మా అమ్మ ప్రక్కయింటి అవ్వగారి వద్ద "అమ్మమ్మ పూలతోట" అను పాత మాదిరి నేర్చుకొన్నది. నడుమ పసుపుపచ్చని ఆఱుకోణముల ముక్క, చుట్టును ఆఱు, వాని చుట్టును పండ్రెండు. వెరసి 19 ముక్కల కొక పువ్వు. 1930 ప్రాంతముల ఆర్థికమాంద్యపు దినములలో అచ్చటి యిల్లాండ్రు పిండిసంచుల పూలగుడ్డను సైతము పాఱవేయక ఇట్టి బొంతలు కుట్టుకొనిరి. మా అమ్మ తన వెంకటగిరి, మంగళగిరి చీరల ముక్కలతో 48 పువ్వులు కూర్చి, నడుమ త్రోవలకును, చుట్టు జానెడు అంచునకును తెల్ల మల్లు వేసి పైగుడ్డ ముగించినది. దూది పెట్టి కుట్టకమునుపే ఆమె మాకు లేకపోయినది. ఆ మడత నాలుగేండ్లు అక్కయ్య బీరువాలో పడియున్నది.

బొంత అందమంతయు పైముక్కలలోనే యున్నదని తలపరాదు. పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ, ఈ మూటిని కలిపిపట్టు కుట్టు ఏ తీరున నడవవలెననునది వేఱొక విద్య. అక్కయ్యకు ఈకల దండలవలె మెలికలు తిరుగు కుట్టుపై మనసు. "నీవు వెళ్ళకమునుపే ముగియవలె గదా చెల్లీ! మిషనుమీద నాలుగు నాళ్ళ పని" అన్నది. మన యిండ్లలో పాతచీరల బొంతకు వేయునట్లు అంచునుండి లోపలికి వరుసలుగా చేతికుట్టే చాలునని మేమంటిమి. ఇద్దఱికిని పట్టుదల వచ్చినది. అమ్మ పేరెత్తకుండ అమ్మను గూర్చియే పోట్లాడుకొంటిమి. మావారు పత్రికలోనుండి తల యెత్తలేదు. అది వారి తెలివి.

ఆ యూరి విశ్వవిద్యాలయమున బొంతలకే ఒక ప్రదర్శనశాల కలదు. జేమ్సు దంపతులు తమ 950 బొంతలకు దగ్గఱగా దానమీయగా 1997లో స్థాపింపబడినది. ఇటుకలతోను అద్దములతోను కట్టిన ఇప్పటి భవనము 2008లో తెఱవబడినది. తగవు తీఱునేమోయని అక్కడికి పోయితిమి. గోడలపై బొంతలను దేవాలయములోని తెరలవలె వ్రేలాడదీసినారు. చేతితో తాకరాదు గనుక చేతులు వెనుకకు కట్టుకొని, ముక్కుమాత్రము ముందుకు చాచి కుట్టు చూచితిమి. పూలతోటలలో ప్రతి ముక్కకును అతుకునుండి పావంగుళము లోపలగా, దాని యాకారమే మరల చిన్నదిగా కుట్టియుండిరి.

మఱునాడు అవ్వగారిని పిలిచితిమి. ఆమె మోచేయి బల్లపై ఆనించి సుద్దతో ఒక చాపము గీచి, దానిలో మఱొకటి, మఱొకటి గీచినది. ఇది విసనకఱ్ఱ కుట్టు. చట్రము చుట్టు కూర్చున్న చర్చి స్త్రీల చేయి ఎంత తిరుగునో అంత వంపు. బాప్టిస్టుల విసనకఱ్ఱ యని కొందఱు, మెథడిస్టులదని కొందఱు పేరు పెట్టుకొనిరట! పూర్వపు దూది దగ్గఱగా కుట్టనిచో ఉదుకగనే ఉండలు కట్టెడిది గనుక ఆ వరుసలు అక్కఱకు వచ్చెడివి. ఇప్పుడు అమ్ము అదిమిన దూదిలో ఎనిమిదంగుళముల ఎడమునకైనను ఓర్చునవి కలవు. ఎంత యనునది పొట్లముపై వ్రాసియుండును. సుద్దయే మేలనియు, నీటికి పోవు సిరాతో గీచినచో కడుగకమునుపు ఇస్త్రీ పెట్టరాదనియు, వేడికి గీత నిలిచిపోవచ్చుననియు హెచ్చరించినది.

పిదప మిగిలిన ముక్కలపై మూడు తీరులను పరీక్షించితిమి. మా వరుసలును విసనకఱ్ఱయు అతుకులను దాటవలసిన చోట నెల్ల లోపలి మడతలు సూదిని అడ్డగించెను. మా పంతము అక్కడ కొంత తగ్గినది. అక్కయ్య మిషనుమీద ఈకలు వేసినది. ఆ కుట్టు వచ్చినదారినే మరల పోవలసిన చోట, కట్టికట్టి పలుచనైన వెంకటగిరి గుడ్డ సూదిపోట్లకు చిట్లినది. అది అమ్మ మా పెండ్లినాడు కట్టిన నీలిచీర ముక్క. అక్కయ్య చాలసేపు మాటాడలేదు. తరువాత మిషను మూత వేసి, "చేతితోనే కుట్టుదము" అన్నది.

పువ్వులకు లోపలి చుట్టుకుట్టు, అతుకులులేని తెల్ల అంచునకు విసనకఱ్ఱ అని నిశ్చయించితిమి. దూది ఓర్చునదే గనుక త్రోవలను వదలివేసితిమి. అమ్మ అంగుస్తాను ఒక్కటే. ఒకరు తీయగా ఒకరు తొడుగుకొని, దినమునకు రెండేసి పువ్వులు కుట్టితిమి. ఇరువదియొక్క దినములకు 42 అయినవి. తక్కిన ఆఱును, అంచును అక్కయ్యకు విడిచి విమానమెక్కితిమి. ఇల్లు చేరి పెట్టె సర్దుచుండగా అంగుస్తాను మా కుట్టుసంచిలోనే కనబడినది. మొన్ననే టపాలో పంపితిమి.