కంచె లోపలి లెక్క

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు మన హోసూరు మద్రాసు వైపే ఉండిపోయింది. ఆ గీత పడినా మన చేలు మన చేలుగానే ఉన్నవి. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండలాల చట్టం గీసే గీత వేరు. కంచె లోపలి నేల సుంకాల లెక్కకు దేశం వెలుపలిదట! అక్కడి సరుకు మనకు అమ్మితే, దిగుమతి సరుకుకు వలెనే సుంకం కట్టవలె. అయిదేండ్లలో ఫ్యాక్టరీ తెచ్చిన విదేశీద్రవ్యం వెచ్చించినదానికి మించవలె. కమిషనరు లెక్క చూస్తాడు. ఉద్యోగాల కల్పనా చట్టం ఉద్దేశమే. దానికి మాత్రం యింత గట్టి కొలత లేదు.

సూళగిరి దగ్గర అటువంటి కంచెకోసం రాగిచేను అమ్ముకొన్న మా చిన్నాయన, "నా మనుమడికి లోపల పని దొరుకుతుందా, అబ్బాయీ?" అని అడుగుతాడు. డాలర్ల లెక్క అడిగే ప్రభుత్వం, భూమి యిచ్చిన యిండ్లకు వచ్చిన కొలువుల లెక్కా అడగవద్దా?