సిబిల్ రిపోర్టు: ఈసారి అప్పు చిట్టా మనమే తెరిచి చూద్దాం



ఈ మధ్య గ్రూపులో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఎడ్యుకేషన్ లోన్‌కి వెళ్తే సిబిల్ బాలేదన్నారు, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, మేం కొంతమందిమి కలిసి మనవాళ్ల రిపోర్టులు చూసి, అర్జీలు రాసి, బ్యాంకుల చుట్టూ తిరిగి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాం. పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి. ఇంట్లో అమ్మానాన్నలకీ చదివి వినిపించండి.

మన తాతల కాలంలో అప్పు చిట్టా అంటే సావుకారు దగ్గరుండే ఖాతా పుస్తకం. అందులో ఆయన ఏం రాసుకున్నాడో మనవాళ్లకి తెలిసేది కాదు. చింతపండు, కరక్కాయ ఎంత తూచి ఇచ్చినా బాకీ తీరేది కాదు, చివరికి భూమి పోయేది. ఏజెన్సీలో వడ్డీల మీద, భూ బదిలీల మీద 1917లోనే చట్టం తేవాల్సి వచ్చిందంటే ఆ దోపిడీ ఎంత ఉండేదో ఊహించుకోండి. ఇప్పుడు ఆ చిట్టా కంప్యూటర్లోకి వెళ్లింది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఈ చిట్టాని తెరిచి చూసే హక్కు, తప్పు రాస్తే దిద్దించే హక్కు మనకి ఉన్నాయి. 2005లో వచ్చిన క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం ఇచ్చిన హక్కులవి. వాడుకునేవాళ్లే మనలో తక్కువ.

ఇది మనకి ఇంకా ఎందుకు ముఖ్యమో చూడండి. 1/70 చట్టం వల్ల షెడ్యూల్డ్ ఏరియా భూమిని గిరిజనేతరులకు అమ్మడానికి వీల్లేదు. అటవీ హక్కుల పట్టా వారసులకి వస్తుంది గానీ అమ్మకానికి, బదిలీకి కుదరదు. ఈ రక్షణలు మనకి ప్రాణంతో సమానం, అందులో రెండో మాట లేదు. అయితే మైదానంలో వాళ్లలాగా భూమి కాగితం చూపించి అప్పు తెచ్చుకోవడం మనకి అంత తేలిక కాదు. అందుకే బ్యాంకు మేనేజరు ముందు మన మాటకి విలువ తెచ్చేది చాలాసార్లు ఆ రిపోర్టే. అది తప్పుల తడకగా ఉంటే మన పిల్లల సీటుకే ఎసరు.

ముందు అసలు సంగతి. అందరం సిబిల్ అంటాం గానీ అది ఒక కంపెనీ పేరు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని దేశంలో ఇలాంటివి 4 ఉన్నాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, మైక్రోఫైనాన్స్ వాళ్లు మన అప్పుల వివరాలు వీళ్లకి పంపుతారు. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. అందరూ స్కోరు ఒక్కటే చూసి కంగారు పడతారు. చూడాల్సింది లోపలి పేజీలు. ప్రతి అప్పు కింద నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకెల్లో ఉంటుంది. 000 అని ఉంటే టైముకి కట్టినట్టు. 090 అని ఉంటే 90 రోజులు దాటినట్టు. అసలు ఎప్పుడూ అప్పు తీసుకోనివాళ్లకి హిస్టరీ లేదని వస్తుంది, అది మచ్చ కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని ఆ ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వ్ బ్యాంకు కూడా బ్యాంకులకి చెప్పింది.

మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాం. ఒక చెల్లికి బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. ఎడ్యుకేషన్ లోన్‌లో తల్లో తండ్రో తోడు సంతకం పెట్టాలి, వాళ్ల రిపోర్టు కూడా చూస్తారు. వాళ్ల నాన్న పేరు మీద ట్రాక్టర్ లోన్ ఉంది, నెలల తరబడి కట్టలేదు అన్నారు బ్యాంకువాళ్లు. ఆయనకి రెండెకరాల పోడు, నాలుగు మేకలు తప్ప ఏమీ లేవు. "ట్రాక్టర్ ఎక్కడం కాదు బాబూ, దాని టైరు కూడా కొనలేదు" అన్నాడాయన. రిపోర్టు తెప్పించి చూస్తే తెలిసింది. పక్క మండలంలో అదే ఇంటిపేరు, అదే పేరు ఉన్న ఇంకో మనిషి ఉన్నాడు. ఇద్దరికీ పుట్టిన తేదీ జనవరి 1. ఆధార్ తీసేటప్పుడు తేదీ తెలియని మన పెద్దలు ఎంతమందికి జనవరి 1 వేసేశారో మీకు తెలియంది కాదు. ఆ అప్పు వచ్చి ఈయన ఖాతాలో కూర్చుంది.

రిపోర్టు ఇచ్చిన కంపెనీకి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ పెట్టాం. అప్పిచ్చిన ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లి, లోన్ అప్లికేషన్ మీద సంతకం, ఫోటో చూపించమని రాతపూర్వకంగా అడిగాం. ఆ ఫోటోలో ఉన్నది ఈయన కాదు. 26వ రోజున ఆ ఎంట్రీ పోయింది. ఈలోపు ఫీజు గడువు దాటిపోతే కాలేజీవాళ్లని బతిమాలి రెండు వారాలు అడిగాం. ఆ చెల్లి ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. ఆ రెండు వారాలు ఇవ్వకపోయుంటే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయం వేస్తుంది.

మనవాళ్ల రిపోర్టుల్లో మేం ఎక్కువగా చూసిన తప్పులు ఇవి. వేరేవాళ్ల అప్పు మన పేరు మీద ఉండటం. కట్టేసిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు చూపించడం. రుణమాఫీలో పోయిన పంట అప్పు బాకీగానే ఉండటం. డ్వాక్రా సంఘం లోన్ తీరినా సభ్యురాలి పేరు మీద మిగిలిపోవడం. ఇవన్నీ తీయించుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా.

ఎలాగంటే, 4 కంపెనీల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పు కనిపిస్తే ఆ కంపెనీకి డిస్ప్యూట్ పెట్టండి. కంపెనీ తనంతట తాను మార్చదు, అప్పిచ్చిన బ్యాంకుని అడుగుతుంది. కాబట్టి బ్యాంకు బ్రాంచిలో కూడా అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. నో డ్యూస్ సర్టిఫికెట్, కట్టిన రసీదులు, ఆధార్ జతచేయండి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. అప్పటికీ తేలకపోతే, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, దానికీ ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో తెలుగులోనే చెప్తారు.

ఇప్పుడు చేదు మాట. నిజంగా మనం కట్టని అప్పు రిపోర్టులో ఉంటే దాన్ని ఎవరూ తీయించలేరు. "5,000 ఇవ్వండి, సిబిల్ క్లీన్ చేస్తాం" అని ఫోన్లు చేసేవాళ్లని నమ్మొద్దు. వాళ్లకి ఓటీపీ, పాన్, ఆధార్ ఇస్తే ఉన్న మచ్చ పోకపోగా కొత్త అప్పు మన పేరు మీద పుట్టే ప్రమాదం ఉంది. హాస్టల్ తమ్ముళ్లు ముఖ్యంగా వినండి. యాప్‌లో 3,000 తీసుకుని సిమ్ మార్చేస్తే అప్పు పోదు, రిపోర్టులో మీకంటే ముందు నిలబడి ఉంటుంది. దానికి మందు ఒక్కటే: బాకీ కట్టి, తర్వాత వచ్చే కిస్తీలు టైముకి కట్టుకుంటూ పోవడం. పాత ఆలస్యాల బరువు మెల్లగా తగ్గుతుంది.

కట్టేటప్పుడు కూడా జాగ్రత్త. సగానికి సెటిల్ చేసుకుందాం అని ఏజెంటు అంటే హాయిగా అనిపిస్తుంది. కానీ అలా చేస్తే రిపోర్టులో 'క్లోజ్డ్' అని రాదు, 'సెటిల్డ్' అని వస్తుంది. పూర్తిగా కట్టలేదని దానర్థం, తర్వాత అప్పిచ్చేవాళ్లు వెనకాడతారు. అసలు గత్యంతరం లేనప్పుడు సెటిల్మెంట్ తప్పు కాదు, తెలిసి చేయండి అంతే. పూర్తిగా కట్టే వీలుంటే కట్టి, నో డ్యూస్ తీసుకుని ట్రంకుపెట్టెలో పట్టా పక్కనే దాచుకోండి.

ఇంకో చిన్న విషయం. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిదో చూసుకోండి. మన ఊళ్లలో సిగ్నల్ లేక చాలామంది కిరాణా షాపాయన నంబరో, మీసేవ అతని నంబరో ఇచ్చి ఉంటారు. కిస్తీ తప్పినట్టు రాసినా, ఎవరన్నా మన రిపోర్టు తీసినా మనకి మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ షాపాయనకి వెళ్తే మనకేం లాభం?

మిత్రులారా, సీట్లు వచ్చాక పరుగెత్తడం కాదు, ఇంటర్ చివరి ఏడాదిలోనే మీ రిపోర్టు, అమ్మానాన్నల రిపోర్టు తెప్పించి చూసుకోండి. 30 రోజులు చేతిలో ఉంటే తప్పుని దిద్దించొచ్చు, మూడు రోజులుంటే ఏడవడం తప్ప ఏం చేయలేం. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ గూడెంలో కనీసం 5 ఇళ్లకి ఈ పని చేసిపెట్టండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే కామెంట్లో అడగండి, మేం రాసిస్తాం. రిపోర్టు ఫోటోలు మాత్రం గ్రూపులో పెట్టకండి, పాన్, ఆధార్ నంబర్లు అందులో ఉంటాయి.

జై ఆదివాసీ!