ఉప్పునీటి యెదుట లోహములు

సముద్రమునకు మన పెద్దలు రత్నాకరమని పేరు పెట్టిరి. ఆ పేరు వినినంతనే ముత్యములు, పగడములు తలపునకు వచ్చుట సహజము. కాని కడలియొడ్డున కాపురము చేయు ఇల్లాలికి ముందుగా తలపునకు వచ్చునది తుప్పు. మా వారు కాకినాడకు సమీపమున నొక గ్రామమందలి పాఠశాలలో ఉపాధ్యాయులు. మేమా యూరికి వచ్చి తొమ్మిదేండ్లైనది. ఇంతలో కిటికీ యూచలకు మూడుమారులు రంగు వేయించితిమి; నాలుగు తాళపుకప్పలు మార్చితిమి; బట్టలారవేయు నినుపతీగ యెన్నిమారులు తెగినదో లెక్కలేదు.

ఇది చదువు సోదరీమణులు “లోహముల గొడవ మనకేల? అది కమ్మరుల పని” యనుకొనవచ్చును. నే నట్లు తలంపను. ఉప్పునకును లోహమునకును గల వైరము మన వంటయింట నిత్యము కనబడుచునేయున్నది. ఏ యింటనైనను ఆవకాయ నినుపపాత్రలో పెట్టుదురా? కళాయి పోయిన యిత్తడిగిన్నెలో చారు కాతురా? ఉప్పును చింతపండును వేసిన పులుసును అల్యూమినియపు గిన్నెలో నిలువయుంచినచో గిన్నెయడుగున సూదిమొనలంత గుంటలు పడుటను చూడనివారెవరు? అందుచేతనే మన యత్తలును, అమ్మమ్మలును ఊరగాయలకు పింగాణిజాడీలను నియమించిరి. ఆ జాడీ తెలిపిన పాఠమే సముద్రపుటొడ్డున మఱియొక రూపమున నాకు గోచరించినది.

గడచిన మాఘపౌర్ణమినాడు మా వీథి యిల్లాండ్రము పదిమందిమి సముద్రస్నానమునకు పోతిమి. అలల తాకిడికి మా పొరుగింటి వదినగారి పుస్తెలతాడు తెగి నీటిలో పడిపోయెను. ఆమె పెనిమిటి చిన్న కిరాణాదుకాణము నడుపుకొనువాడు. ఆ తాడు పుస్తెలతోగూడ నాలుగు కాసుల బంగారము. దానికై చేసిన యప్పు తీరుటకే ఆఱేండ్లు పట్టినదట. బంగారపు వెల యొక యెత్తు. మెడ బోసిపోయిన స్త్రీ మనస్సులోని కలవరము మఱియొక యెత్తు. ఆ రాత్రి యా యింట పొయ్యి వెలుగలేదు.

అప్పుడు మా యక్కగారి కుమారుడు సెలవులకు మా యింటనుండెను. అతడు మఱునాడే కాకినాడకు పోయి స్నేహితునియొద్దనుండి మెటల్ డిటెక్టరు నొకదానిని ఎరవు తెచ్చెను. చూచుటకది పొడుగుకాడ గల గరిటెవలె నుండును. అడుగున పళ్లెమంత తీగచుట్ట యుండును. అందు ప్రవహించు విద్యుత్తు చుట్టును మాఱుచుండు అయస్కాంతశక్తిని పుట్టించును. అది యిసుకలోని లోహమును తాకగా నా లోహమునందును చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. వానిని పసిగట్టి యంత్రము కూయును. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881 లో, అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరమున చిక్కుకొన్న తుపాకిగుండును వెదకుట కిట్టి సాధనమునే వాడెను. కాని గుండు జాడ తెలియలేదు.

చుట్టకు దాపున లోహముండినచో యంత్రము దానినే చూచి కూయును. కావున కాడ క్రిందిభాగమును ప్లాస్టిక్కుతోనో, గాజునారతోనో, కార్బనునారతోనో చేయుదురు. పైభాగములు తఱచుగా అల్యూమినియపు గొట్టములు. ఒక గొట్టము మఱియొకదానిలో దూఱును. మనిషి యెత్తునకు తగినట్లు సవరించి, త్రిప్పెడు బిగింపులతోనో మీటలతోనో బిగింతురు. అమృతమునకై పాలకడలిని దఱచునప్పుడు మందరమే క్రుంగిపోగా కూర్మము వీపొగ్గవలసివచ్చెను గదా! కడలిలో దేనినైనను వెదకబోవువారికి కాడ నిలుచుటయే మొదటి చిక్కు.

మా పిల్లవాడు రెండుదినములు మోకాలిలోతు నీటిలో వెదకెను. మేకులును, సీసామూతలును, రెండు రూపాయినాణెములును దొరకినవి. ఇంటికి వచ్చి యంత్రమును తడితోనే వసారామూల చేర్చుచుండెను. మూడవనాటి యుదయమున క్రింది బిగింపు ఎంత త్రిప్పినను కదలలేదు; పై బిగింపు ఎంత బిగించినను పట్టలేదు. గొట్టముల సందున గోడసున్నమువంటి తెల్లని పొడి యుండెను. అతడు బలముగా లాగబోగా, “లాగకు నాయనా! పట్టుకొన్న జాడీమూతను లాగితే జాడీయే పగులును” అని వారించితిని.

ఆ తెల్లనిపొడియే యల్యూమినియపు తుప్పు. ఈ లోహమునకు సహజముగా పలుచని పొర యొకటి కవచమువలె నేర్పడును. మంచినీటిలో నది చాలవఱకు కాపాడును. సముద్రజలము లీటరు ఒకటింట సుమారు 35 గ్రాముల లవణములుండును. మన బంగాళాఖాతమున గోదావరి, కృష్ణ మొదలగు నదులు కలియుటచే తీరమున కొంత తగ్గును. ఆ లవణములు కవచమును చిల్లులుచేసి లోపలి లోహమును తినును. పుట్టిన పొడి, తినబడిన లోహముకంటె నెక్కువ చోటు నాక్రమించును గనుక గొట్టములు బిగుసుకొనిపోవును. పై బిగింపు పట్టకపోవుటకు కారణము వేఱు: దాని మరలలో ఇసుక చేరి నమలివేసినది.

దీనికంటె సూక్ష్మమైన హేతువు మఱియొకటి కలదు. రెండు భిన్నలోహములు ఉప్పునీటిలో నొకదానినొకటి తాకియుండినచో నందు బలహీనమైనది త్వరగా క్షయించును. 1761 లో ఆంగ్లేయుల అలారం అను యుద్ధనౌక యడుగునకు పురుగు తొలువకుండ రాగిరేకులు కొట్టించిరి. రెండేండ్లకు చూడగా రాగి బాగుగనే యున్నది కాని, దానిని పట్టియుంచిన యినుపమేకులు తినబడినవి. విచిత్రమేమన, రేకులకు చుట్టివచ్చిన కాగితము పొరపాటున చిక్కుకొనియున్న తావుల మేకులు చెడలేదట! ఆ కాగితమే రెండు లోహములను ఎడబాపినది. 1824 లో హంఫ్రీడేవీ యను శాస్త్రజ్ఞుడు రాగికి ఇనుపముక్కనో యశదపుముక్కనో తగిలించినచో అది తాను క్షయించి రాగిని కాపాడునని చూపెను. నేటికిని ఉక్కునావల యడుగున యశదపు దిమ్మలను కట్టుటకు కారణమిదియే.

అల్యూమినియపు గొట్టమునకు ఉక్కుమర బిగించినచో ఇట్లే గొట్టమునకు ముప్పు. కార్బనునార తుప్పుపట్టదు, తేలికయైనది. ఐనను నదియు అల్యూమినియమును తాకియుండినచో ఉప్పునీటిలో దానిని తినివేయును. తుప్పుపట్టని ఉక్కు సైతము ఆ పేరునకు పూర్తిగా తగినది కాదు. దానికి క్రోమియపుపొర రక్ష. గాలి సోకని సందులలో ఉప్పునీరు నిలిచినచో నా పొర చెడును. 2 మొదలు 3 పాళ్లు మాలిబ్డినము కలిసిన 316 రకపు ఉక్కు మఱికొంత యోర్చుకొనును. అన్నిటను సందులే శత్రుస్థానములు.

గుండిగలో గోరువెచ్చని మంచినీరు పోసి ఆ గొట్టములను నానవైచితిమి. సాయంకాలమునకు బిగింపు మెల్లగా వదలినది. కాని యా దినము వ్యర్థమైనది. ఆ రాత్రియే సముద్రము పొంగి యొడ్డు రూపము మార్చివేసెను. పిదప రెండుదినములు వెదకినను పుస్తెలు దొరకలేదు. వదినగారు పసుపుకొమ్ము కట్టిన దారము మెడనువేసికొని దుకాణముపనిలో పెనిమిటికి తోడుపడుచున్నారు. మరల తాడు చేయించుటకు నెలకు కొంత కూడబెట్టుచున్నారు.

మాకు చేరువనున్న ఉప్పాడ తీరమును సముద్రము చిరకాలముగా కోసివేయుచున్నది. ఎన్నో యిండ్లు దాని పాలైనవి. 2020 నవంబరులో నివర్ తుపాను వెలిసిన పిదప అచ్చట బంగారుపలుకులు దొరకుచున్నవని జనులు గుంపులుగా చేరి యిసుకను గాలించిరి. ఉప్పునీరు ఇనుమును తినగలదు గాని బంగారమును తినజాలదు. ఒకనాడు వదినగారితో నీ మాట ముచ్చటింపగా, “ఎన్నటికో ఎవ్వరో మత్స్యకారపిల్లకు దొరకునులే, వదినా! ఆ పిల్ల పెండ్లికి పనికివచ్చిన చాలు” అనిరి. నా కన్నులు చెమ్మగిల్లినవి.

సోదరీమణులారా! ఇట్టి యంత్రము మీ యిండ్ల నుండినను, లేకున్నను కొన్ని విషయములు ఉపకరించును. ఉప్పునీటిలో దిగిన వస్తువును ఆనాడే భాగములు విడదీసి మంచినీట కడుగవలెను. బిగింపులను నీటిలోనే రెండుమూడుమారులు తెఱచి మూయవలెను. నీడను ఆరనిచ్చి, వదులుగా విడిచి దాచవలెను. యంత్రపు పెట్టెలో నీరు చొరరాదేమో ముందే తెలిసికొనవలెను. పెక్కింటికి తీగచుట్ట మాత్రమే తడువదగినది. ఇసుకలోనికి పోవు బిగింపులకు నూనె రాయరాదు. ఇసుక దానికే యంటుకొనును. తలుపుగడియలకును, తాళపుకప్పలకును మాత్రము నెలకొకమారు యంత్రపునూనె చుక్క వేయుట మేలు. రెండు లోహములు కలియుచోట రబ్బరుబిళ్ల యొకటి యుంచిన చాలకాలము మన్నును.

జాడీమూత తడిలేకుండ చూచు మన కన్ను తలుపుకీలుమీదను, నూతికప్పి యిరుసుమీదను, గ్యాసుపొయ్యి క్రిందను ఒకమారు తిరిగినచో చాలును. తీరవాసులగు నాతోడి యిల్లాండ్రు నేడే తమ యినుపపెట్టె తాళము త్రిప్పి చూతురు గాక.