ఇంట్లోనే చదువుకోవచ్చునా?

పిల్లలూ, కథల్లో రాజకుమారులకు చదువు చెప్పటానికి గురువులు కోటలోకే వచ్చేవారు. వర్షం కురిసే రోజున గొడుగు పట్టుకుని బడికి పోతూ, "మా ఇంటికే పంతులుగారు వస్తే ఎంత బాగుండును!" అని మీరూ అనుకునే ఉంటారు. అందుకు చట్టం ఒప్పుతుందా? ఉక్కునగరంలో నడుస్తూ మాట్లాడుకుందాం, రండి.

విశాఖపట్నం నుంచి గాజువాక మీదుగా పోతే కూర్మన్నపాలెం వస్తుంది. అక్కడ పెద్దరోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఉక్కునగరమే. ఇది పాత ఊరు కాదు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అంటూ 1966లో జనం పెద్ద ఆందోళన చేశారు. అందులో ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినది 1992లో. శంకుస్థాపననాడు పుట్టిన పిల్లలు అప్పటికి చదువులు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్నారన్న మాట! ఇక్కడ ఇనుము కరిగించే పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముద్దుగా పేర్లు పెట్టారు.

కర్మాగారంలో పని రాత్రింబవళ్ళు సాగుతుంది. రాత్రి షిఫ్టు దిగి నాన్న ఇల్లు చేరేసరికి పిల్లలు సంచులు తగిలించుకుని బయలుదేరుతుంటారు. కాసేపు వీధులన్నీ సందడి. వాళ్ళు పోయాక ఒక్కసారిగా నిశ్శబ్దం. ఏ ఊళ్ళోనైనా అటువంటి వేళ ఒకటి రెండు కిటికీల వెనక పిల్లలు కనిపిస్తారు. బడికి పోవాలని ఉన్నా కాళ్ళు సహకరించనివాళ్ళు వాళ్ళు.

మన దేశంలో 2009లో ఒక చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరేళ్ళనుంచి పద్నాలుగేళ్ళ వరకు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఉచితంగా చదువు చెప్పించటం ప్రభుత్వం బాధ్యత. దగ్గరలోని బడిలో చేర్పించటం తల్లిదండ్రుల విధి. 2012లో ఈ చట్టాన్ని సవరించి, తీవ్రమైన వైకల్యం గల పిల్లలు కోరుకుంటే ఇంటివద్దనే చదువుకునే హక్కు ఇచ్చారు. చూశారా, ఇంటికి పంతులుగారిని రప్పించుకునే హక్కు రాజకుమారులకు కాక ఈ పిల్లలకు దక్కింది!

అయితే ఇంటివద్దనే ఉండిపొమ్మని వారిని ఎవరూ బలవంతపెట్టరాదు. కోరుకోవటం వారి ఇష్టం. మన రాష్ట్రంలో ఇటువంటి పిల్లలకోసం భవిత కేంద్రాలు ఉన్నవి. అక్కడికి కూడా రాలేనివారి ఇళ్ళకు ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వెళతారు. ఒక్కొక్కప్పుడు అక్షరాలకన్నా ముందు చెంచా పట్టుకోవటం, చొక్కా గుండీ పెట్టుకోవటం నేర్పవలసి ఉంటుంది. గుండీ పెట్టుకోవటానికి నెలలు పట్టవచ్చు. రాజగురువుల పనికన్నా ఇదే కష్టమని నాకు తోస్తుంది.

మరి, ఒంట్లో బాగానే ఉన్న పిల్లవాణ్ణి ఇంట్లోనే చదివించుకుంటామంటే? ఇక్కడ చట్టం కొంచెం గడుసుగా ఊరుకున్నది. బడిలో చేర్పించటం విధి అన్నది గాని, చేర్పించని తల్లిదండ్రులకు ఆ 2009 చట్టంలో జరిమానా పెట్టలేదు. అలాగని ఇంటిని బడిగా ఒప్పుకోనూ లేదు. పద్నాలుగేళ్ళు నిండినవారు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చోవచ్చును.

ఉక్కునగరానికి దగ్గరలోనే అప్పికొండ సముద్రతీరం ఉన్నది. అటునుంచి ఓడలో శ్రీలంకను చుట్టి నైరుతిగా చాలా దూరం పోతే మారిషస్ అనే చిన్న ద్వీపదేశం వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకుతోటల్లో పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉన్నది. అక్కడి బడుల్లో తెలుగు కూడా నేర్పుతారు. ఆ దేశంలో 2005 నుంచి పదహారో ఏడు వచ్చేదాకా చదువు నిర్బంధం. మన చట్టంకన్నా రెండేళ్ళు ఎక్కువే!

తిరిగి మన కిటికీ దగ్గరికి వద్దాం. ఆ వెనక ఉన్న పదేళ్ళ అమ్మాయి ఇంత కాలం ఇంట్లో చదువుకుని, ఇప్పుడు బడికి వస్తానన్నదనుకోండి. ఆమెను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలు ప్రత్యేకంగా చెప్పించాలి. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవలసిందే. పుట్టినతేదీ కాగితం లేదని కూడా తిప్పి పంపకూడదు.